సామాన్య నామం

తెల్లవారకముందే తాడు లాగుతోంది మెరెపేకా.
నెల కిందట సరస్సు అడుక్కి దించిన ఎండు ఫెర్న్ మోపు
నీళ్ళు తాగి తాగి దూడంత బరువెక్కింది.
అది పైకి తేలకముందే కింద వల పట్టాలి.
రెప్పపాటు ఆలస్యమైతే
అన్నీ తోక ముడిచి
వెనక్కి, వెనక్కి, చీకట్లోకి.

వల పట్టింది బ్రైడీ, యూనివర్సిటీ పిల్ల.
పడవలో దులిపితే టపటపా రాలాయి:
రాతిరంగువి, నాచురంగువి,
ఒకటైతే ఒంటిచెయ్యిది, ఏ గొడవలో పోయిందో రెండోది.
రొయ్య అందామంటే పట్టకారు చేతులున్నాయి,
పీత అందామంటే నడుమూ తోకా ఉన్నాయి.
మొత్తం పదకొండు.
"నా చిన్నప్పుడు ఈ మోపు ఇద్దరు లాగేవాళ్ళు" అంది మెరెపేకా.
మీసాల చేప ఒకటి కొత్తగా వచ్చిందట సరస్సులోకి.
దాని పేరు మాత్రం అందరికీ తెలుసు.

బ్రైడీ ఒక్కొక్కదాన్నీ స్కేలు మీద పెట్టి
కాగితంలో గళ్ళు నింపుతోంది.
శాస్త్రీయ నామం: లాటిన్‌లో రెండు ముక్కలు,
మనలాగే ఇంటిపేరు ముందు.
సామాన్య నామం: దగ్గర పెన్ను ఆగింది.

"కోఉర."
"సముద్రంలో పెద్దదాన్నీ అదే అంటారు కదా?"
"అదే అంటాం. ఉప్పునీళ్ళది, మంచినీళ్ళది.
అక్కకీ చెల్లికీ ఒకే పేరు పెట్టుకున్న ఇల్లు మాది."

కాసేపు తాడు చుట్టుకుంది.
"మా తెయోతిది దక్షిణ దీవి. వాళ్ళకది కేవై.
ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే గిన్నెలోంచి తిన్నాం.
కోఉర చల్లారిపోతోంది, రా, అంటే
వినపడనట్టు కూర్చునేవాడు.
కేవై అని పిలిస్తే వచ్చేవాడే.
నేను పిలవలేదు.
చల్లారాకే తిన్నాడు, ఎప్పుడూ."

బ్రైడీ ఏం రాయాలో తెలియక
తర్వాతిదాన్ని తీసింది.
తోక కింద మిరియాల గుత్తిలా గుడ్లు.
"దాన్నిలా ఇవ్వు."
"ఇంకా కొలవలేదు."
"ఇవ్వమన్నానా."

మెరెపేకా మోచేతి దాకా నీళ్ళలో ముంచి
అరచెయ్యి తెరిచింది.
అది వెంటనే కదల్లేదు.
వంగి, నీటికి మాత్రమే వినపడేలా ఒక మాట అంది.
కోఉర కాదు. అంతకంటే చిన్నది.
అప్పుడు వెళ్ళింది, వెనక్కి నడుస్తూ,
తనని దింపిన చేతినే చూస్తూ.

బ్రైడీ వినే ఉంటుంది.
గడి అలాగే వదిలేసి కాగితం మడిచింది.

స్కేలు మీద తెగిపడిన మీసం ఒకటి మిగిలింది.
పడవ ఊగినప్పుడల్లా
పన్నెండుకీ పదమూడుకీ మధ్య
అటూ ఇటూ జరుగుతోంది.