పోటుకీ పాటుకీ మధ్య

కడియం తీసెయ్యమంటే
బొమ్మిడి ఏడుకొండలు గారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.
ముప్ఫైరెండేళ్ళు సఖినేటిపల్లి రేవులో పంటు నడిపిన చెయ్యి.
"శని కోసం వేసుకున్న ఇనుమమ్మా,
మీ సూదినేం చేస్తాది?"

చెప్పాను.
సూది కొసలో వెంట్రుక కన్నా సన్నటి తీగచుట్ట ఉంది.
బల్ల పక్కనున్న ఈ పలక
అయస్కాంతాన్ని గాలిలా వీస్తుంది.
ఆ గాలిని బట్టి తానెక్కడుందో చుట్టకి తెలుస్తుంది.
దగ్గర్లో ఇనుముంటే
తెర మీద సూది ఒకచోట, ఒంట్లో మరోచోట.

నవ్వారు.
"చిన్నప్పుడు మా నాన్న పడవలో
దిక్సూచి పక్కన లంగరు పెట్టి పడుకున్నానండి.
తెల్లారేసరికి అంతర్వేది మాకు వెనకాలుంది."
కడియం నా చేతిలో పెట్టారు.
కోటు జేబులో వేసుకున్నాను.

తెర మీద కాలేయం, బూడిదరంగు లంక.
లోతట్టున శెనగగింజంత మచ్చ.
ఊపిరి పీలిస్తే లంక దిగువకి జారుతుంది,
వదిలితే ఎగువకి వస్తుంది.
సూది ఇంకా చర్మం బయటే ఉంది గాని
దాని ముందు ఒక చుక్కల గీత
పోబోయే దారిని మచ్చ దాకా గీసేసింది.

"ఊపిరి బిగబట్టండి" అన్నాను.
"ఆయ్" అన్నారు.
ఆ ఆయ్‌తోనే ఊపిరంతా పోయింది.
డాక్టరు గారి మాస్కు కదిలింది,
నవ్వో విసుగో.

మళ్ళీ.
ఈసారి తల కూడా ఊపలేదు.

ఇంటరు చదివేటప్పుడు రోజూ ఈయన పంటే ఎక్కేదాన్ని
(ఆయనకి నేను గుర్తు లేను).
అవతలి రేవు ఎదురుగా కనిపిస్తుంటే
ఈయన ముక్కు ఎగువకి పెట్టేవారు.
దారి తెలీదేమో అనుకునేదాన్ని.
వశిష్ఠ మెల్లగా దించుకుంటూ పోయి
సరిగ్గా రేవులో పెట్టేది.

మచ్చ ఉన్నచోటికి కాదు,
ఊపిరి నిలిచాక ఉండబోయే చోటికి.
ఆ ఛాతీలో పోటు ఆగి, పాటు ఇంకా మొదలవని
నాలుగు క్షణాలు
నీళ్ళు నిలబడ్డాయి.
పక్కటెముకల సందులోంచి
ఒక రక్తనాళాన్ని గోరంత దూరంలో తప్పించుకుని
సూది చుక్కల మీదే నడిచింది.
టక్.

సీసాలో పురికొస పీచంత మాంసం.
అదేమిటో సూదికి తెలీదు.
ఎక్కడున్నానో చెప్పడం వరకే దాని చదువు.

భీమవరం బస్సు దిగి, పంటెక్కి,
సంచిలో కోటు సర్దుతుంటే
కడియం జారి ఒళ్ళో పడింది.
ఫోను చేశాను. రేపు పంపిస్తానన్నాను.
"రిపోర్టు ఎప్పుడన్నారు?"
శుక్రవారం.
"అయితే మీ దగ్గరే ఉంచండమ్మా,
రెండూ ఒకేసారి పుచ్చుకుంటాను."

కొత్త సరంగు కుర్రాడు
ముక్కు ఎగువకి తిప్పాడు.
మా రేవు ఇంకా కుడివైపున
చాలా దూరంగా ఉంది.