పక్క మార్చిన పుస్తకం

రెండింటికి ఎడమ పక్క,
నాలుగింటికి కుడి పక్క.
తెల్లారేదాకా వుండే సంతకాలన్నీ
మాపటేళే పెట్టేసినారు, ఒకే పెన్నుతో.

కట్టమంచిలో మా హోముకి
రేపు తనిఖీ అంట.
కొత్త దుప్పట్లొచ్చినాయి, ఫినాయిలు వాసనొచ్చింది.
బాత్రూములో పట్టుకునే కమ్మీ మాత్రం
ఇంకా గోడకెక్కలా.

కుప్పమ్మవ్వని నేనే తిప్పినా.
నడుము కింద రూపాయి బిళ్ళంత,
ఎర్రగా, తడిగా.
"ఏం పాపా, మెత్తబడిందా?" అనింది.
గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పయ్యేండ్లు
తోతాపురి కాయల్ని బొటనవేలితో వొత్తి చూసిన మనిషి.
"గడ్డిలో కాయనైనా దినామూ తిప్పుతా వుంటిమే,
ఒక పక్కే పండుకుంటే కుళ్ళిపోతాదని."

నాకు జవాబు దొరకలా.
దిండు మడిచి వీపుకి ఆనిచ్చి
పుస్తకం తీసినా.
రెండింటి సంతకం పక్కన
కోడి గీరినట్టుండే నా రాతతో:
రూపాయంత. ఎరుపు. ఎవురూ తిప్పలేదు.
కింద నా పేరు, మొగిలమ్మ.

పొద్దన్నే సూపర్వైజరు
"శుభ్రంగా వుండే పుస్తకాన్ని
పాడు చేసినావు గదమ్మా" అన్నాడు.

అవ్వ కుడి పక్కకి తిరిగి నిద్రపోతా వుంది.
నా డ్యూటీ అయిపోయింది.
చెప్పులేసుకుని, మళ్ళా విప్పినా.
ఎనిమిదింటికి తిప్పాల.