నకలు

గుంటూరు మిర్చి యార్డులో
తుమ్మకుండా దేన్నీ తెరవలేం,
నా నల్ల డబ్బాని కూడా.
అరచేతిలో ఇమిడే హార్డ్ డిస్కు.
రబ్బరు తొడుగు మడతల్లో ఎర్రటి పొడి.
లోపల నలభై ఒక్కమంది ఆడవాళ్ళ గొంతులు.

తొడిమలు తీసే చేతులు వాళ్ళవి.
రాత్రి చంటిపిల్లని తాకాలంటే
ముందు మజ్జిగలో ముంచుకోవాల్సిన చేతులు.
కూలి ఎంత కోశారో, ఏ మేస్త్రి ఎక్కడ చెయ్యేశాడో
పేర్లతో సహా చెప్పారు.
"ఇది ఎవురికన్నా వినపడుద్దా అమ్మాయ్?"
రాహేలమ్మ అడిగింది.
తాళం వేస్తానమ్మా, అన్నాను.
"తాళం సరే. చెవి ఏడ పెడతావో అది చెప్పు."

చెవి ఒక పొడవాటి వాక్యం.
మా నాయనమ్మ మేకని తిట్టిన తిట్టు, మధ్యలో ఒక అంకె.
ఏ తిట్టో చెప్పను.
డబ్బా మీద చీటీ అంటించలేదు, ఫోనులో దాచలేదు.
మర్చిపోయానా,
చేసిన కంపెనీవాడి కాళ్ళు పట్టుకున్నా తెరుచుకోదు.
అందుకే ఒక్క కాగితం మీద రాసి, కవరు అంటించి
బ్రాడీపేట వకీలు గారి బీరువాలో ఉంచాను,
ఎవరివో పొలం దస్తావేజుల కింద.
ఆయనకి డబ్బా ఎక్కడుందో తెలీదు.
డబ్బా ఉన్నావిడకి కాగితం సంగతి తెలీదు.

ఆవిడ షాహెదా. బెజవాడ, సింగ్‌నగర్.
బుడమేరు ఇంట్లోకొచ్చిన గీత
గోడ మీద ఇంకా ఉంది, సున్నం వేసినా పోలేదు.
రెండో డబ్బా ఆ గీతకి మూడు మూరల పైన,
అటక మీద, పెళ్ళినాటి గిన్నెల వెనక.

నెలకో ఆదివారం పాసింజరెక్కి కృష్ణ దాటుతాను.
కొత్త గొంతులు పాత గొంతుల పక్కన చేరతాయి.
నీలం దీపం ఆడుతుంటుంది.
అది ఆడినంతసేపూ వైరు లాక్కూడదు,
పాలు తాగే బిడ్డ నోట్లోంచి రొమ్ము లాక్కున్నట్టే.
ఇక తీయవచ్చు అని తెర చెప్పేదాకా
టీ చల్లారిపోవాల్సిందే.

ఇవన్నీ తెలుసు నాకు.
పదిమందికి చెప్పాను కూడా.

ఏప్రిల్లో నా డబ్బా బల్ల మీంచి జారింది.
కటిక్ కటిక్ మంది, పళ్ళు కొరుకుతున్నట్టు.
అరండల్‌పేటలో బాజీ చెవి దగ్గర పెట్టుకు విని
"లోపల గీరుకుపోయింది మేడమ్" అన్నాడు.
"నేను తీయలేను. తీసేవాళ్ళు లక్ష అడుగుతారు.
తీసినా తాళం తాళమే."
నవ్వాను. రెండోది ఉందిగా.

షాహెదా నిచ్చెన పట్టుకుంది.
మేక తిట్టు కొట్టాను, తెరుచుకుంది.
ఒక్కొక్కరే పలికారు. దీనమ్మ, సైదాబీ, పెద్ద అంకమ్మ,
నలభై మంది.
రాహేలమ్మకి పేరుంది, తారీఖుంది,
లోపల సున్నా.

అప్పుడు గుర్తొచ్చింది:
మార్చి ఆదివారం, ఆరూ పది రైలు,
బయట ఆటో హారను,
ఇంకా ఆడుతున్న నీలం దీపం.

యార్డు వెనక రేకుల కింద కూర్చుని ఉంది.
పోయిందమ్మా, అన్నాను.
"ఎవురి చేతికన్నా పోయిందా?"
లేదు. ఎవరికీ అందకుండా పోయింది.
ఒక కాయ తొడిమ గిల్లి కుప్ప మీదికి విసిరింది.
"అయితే ఏడుపెందుకు? మీట నొక్కు."

మళ్ళీ చెప్పింది.
మొదటిసారి గుసగుసలాడిన మేస్త్రి పేరు
ఈసారి పక్క కుప్ప దాకా వినిపించింది.
ఏడ్చిన చోట నవ్వింది.
పక్క కుప్ప వాళ్ళూ నవ్వారు, ఒకావిడ
"నన్నూ రాసుకో" అంది.
కానీ మొదటిసారి, ఆ పేరుకి ముందు,
పైట కొంగు నోట్లో కుక్కుకుని ఆగిపోయిందే,
ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు.
దానికి నకలు లేదు.

ఇప్పుడు డబ్బాలు మూడు.
కాపీ అయ్యాక ప్రతి గొంతునీ తెరిచి
చివరి తుమ్ము దాకా వింటాను.
ఆరూ పది వెళ్ళిపోతుంది.
షాహెదా ఇంకో గ్లాసు బియ్యం పోస్తుంది.