ప్రూఫు

వానాకాలం అల్లిపురంలో కాయితానికి
రాత్రికి రాత్రే చెమట పడుతుంది.
మా సందులోంచి సముద్రం కనబడదు గానీ
ఉప్పగాలి వచ్చి రీముల్లో కూచుంటుంది.
షీటుకి షీటు అంటుకుపోతుంది.
రెండేసి ఒక్కసారే వెళ్తే మిషను గుర్రుమని ఆగుతుంది.
అందుకే రీముల పక్కన ఓ బల్బు వెలిగించి ఉంచుతాను.
విడదీయడం నాకు తెలిసిన పనే.

సోమవారం, కారేజీలు కడుక్కున్నాక
నలుగురూ వచ్చి నిలబడ్డారు.
మిషను దేముడు, బైండింగు నూకరత్నం,
కంప్యూటరు పాత్రో,
ఎడంచెయ్యి జేబులోంచి తియ్యని అసిరినాయుడు.
"ఆర్డరండీ" అన్నాడు దేముడు.
"అయిదొందలు. పసుపు కాయితం."

పైన పెద్దక్షరాల్లో కార్మికుల సంఘం.
నా పేరెక్కడా లేదు.
"యజమాన్యం" అని ఉంది, దీర్ఘం లేకుండా.
మిషను బ్యాంకుది, షెడ్డు అద్దెది,
మిగిలిన నేనేనా అంత పెద్ద మాట?

రాత్రి ఆడిటరు ఫోను:
"దసరా లోపు ఇద్దర్ని మానిపించు.
పాత్రోకి ఓ వెయ్యి పెంచు, చాటుగా."
గాజువాక నుంచి బావమరిది:
"ముందు ఎవడు మొదలెట్టాడో కనుక్కో.
టీ పోయించి అడుగు."
మా ఆవిడ కంచం తీస్తూ
"కటింగు మిషనుకి ఆ రేకు ఎంతవుతుంది?" అంది, అంతే.

పెళ్ళిళ్ళ రోజులు, శుభలేఖల తొందర.
అసిరినాయుడి రెండు వేళ్ళ కొసలు.
కేజీహెచ్‌కి నేనే ఆటోలో తీసుకెళ్ళాను,
మందులు నేనే కొన్నాను.
పనిలోకి రాని ఇరవై రోజులకీ
జీతం కోశాను.
కోశాను అన్న మాట నాదే,
పుస్తకంలో నా చేతిరాతే.

పొద్దున్నే ఎర్రపెన్ను తీశాను.
కంగారులో పాత్రో "ఐకత" అని కొట్టాడు,
య వత్తు పెట్టాను.
యజమాన్యానికి దీర్ఘమిచ్చాను,
నన్ను నేనే కాస్త సాగదీసుకున్నట్టు.
నాలుగో డిమాండు: కటింగు మిషనుకి రక్షణ రేకు.
టిక్కు పెట్టబోయి ఆగాను.
ప్రూఫులో టిక్కంటే అక్షరాలు సరిపోయాయనే,
ఒప్పుకున్నానని కాదు.
పెట్టాను. అర్థం వాళ్ళకే వదిలేశాను.

రెండోది బోనసు, రెండు నెలల జీతం.
అక్కడ పెన్ను పక్కన పెట్టి
జమాఖర్చు పుస్తకం తెరిచి రీము మీద పరిచాను.
నూకరత్నం అంకెల మీంచి వేలు దించుకుంటూ వచ్చింది.
"ఇస్కూలు నోటుబుక్కుల బిల్లు ఇంకా రానేదా?"
"రాలేదు."
"మరి మాకు సెప్పనేదేటి?"
ఇరవై రెండేళ్ళుగా
ఆ పుస్తకం సొరుగులోనే ఉంది, తాళంతో.
"ఇది నిజం పుస్తకమేనని మాకెలా తెల్సుద్ది?"
అసిరినాయుడు జేబులోంచి చెయ్యి తీశాడు.

కోపం వచ్చింది, దాచడమెందుకు.
బల్బు ఆర్పేసి, షట్టరు దించేసి,
పొండి అందామనుకున్నాను.
కూచున్నాను.
టీ తెప్పించాను.
ఎవరు మొదలెట్టారని మాత్రం అడగలేదు.
రేకు కొంటానన్నాను. ఆ ఇరవై రోజులూ ఇస్తానన్నాను.
బోనసు తేలలేదు, గొంతులు లేచాయి,
టీ చల్లారింది, శుక్రవారం మళ్ళీ అన్నాం.

అచ్చుకి డబ్బులొద్దన్నాను.
దేముడు లెక్కకట్టి బల్ల మీద పెట్టాడు:
కాయితం, ప్లేటు, ఇంకు,
తన కూలీ కూడా కలిపి.

అచ్చేసినవాడి పేరు అడుగున ఉండాలి, అది చట్టం.
చీమంత అక్షరాల్లో
ముద్రణ: నీలమణి ప్రింటర్స్, అల్లిపురం, విశాఖపట్నం.
పైన వాళ్ళు, అడుగున నేను,
మధ్యలో తేలని లెక్క.

ఆ రాత్రి బల్బు వెయ్యడం మర్చిపోయాను.
పొద్దున్న కట్టలోంచి ఒకటి తియ్యబోతే
రెండు వచ్చాయి.