పటిక చుక్క

తిరపతి నుంచి డ్రాయింగు టీచరమ్మ వచ్చి
ఒక కాగితం పరిచింది నా బల్ల మీద.
మూడొందలేండ్ల కిందటి ఫ్రాన్సు దొరసాని.
"ఇట్లే కావాల, గాడా గుడ్డ మీద, మూడు మూరలు."

వయసు పిల్ల. తలకి మాత్రం తెల్లపిండి చల్లుకోనుంది.
గౌను మడతల్లో మా కాళాస్తిరి వీధి మొత్తం దాంకోవచ్చు.
ఒళ్లో పావురం, దాని మెడకి నీలం రిబ్బను,
పక్కన తలుపు తీసిన పంజరం,
మూలలో బొద్దు అబ్బోడు, రెక్కలు, కండ్లకి గంతలు.

ఒక్కోటీ వేలుపెట్టి చెప్పింది టీచరమ్మ:
పావురమంటే ప్రేమ, గులాబీ అంటే ప్రేమ,
ముల్లు, అది కూడా ప్రేమేనంట.
పంజరం కాడికొచ్చి ఫోనొస్తే లేచిపోయింది.

ఆ గంతలోడు నాకు తెలిసినోడే.
మా గుడ్డల మీద చెరుకు విల్లు పట్టుకోని చిలకెక్కుతాడు.
ఒళ్లే లేదంటారు వాడికి,
ఈడ మాత్రం బాగా పాలుతాగినట్టుండాడు.

కరక్కాయ పాలల్లో ముంచి ఆరేసిన గుడ్డ మీద
చింతబొగ్గుతో గీత పట్టినాను.
కసిమి తగలంగానే కనుబొమ్మ నల్లగా లేచింది.
బుగ్గల కాడ వచ్చింది చిక్కు.
ఆ రోజారంగు మా కుండల్లో లేదు.
మంజిష్ఠ ఎర్రంటే ఎర్రే,
సిగ్గుకి సగం రంగు మేం ఎప్పుడూ కాంచలా.

ఇంకా,
ఆమె ఎవుర్ని చూస్తాండాది?
పావురాన్ని కాదు, అబ్బోణ్ణి కాదు,
బొమ్మ గీసేవోడు నిలబడిన చోటుని.

చెయ్యి ఆగింది.

ఎనిమిదేండ్లు చెంగల్రాయుడు నా వెనకాలే కూర్చోని
వెదురు కలాలు చెక్కినాడు.
అందరి కలానికీ ఉన్ని చుట్టేవోడు,
నా దానికి ఒక చుట్టు ఎక్కువ,
రంగు రవ్వంతసేపు ఎక్కువ నిలవాలని.
పైన నీలం దారం. యేలని నేనడగలా.
వాడి పెండ్లికి చీర వేసింది నేనే,
అంచంతా హంసలు.
కూలి లెక్కపెట్టి తీసుకున్నా.

సగం పటిక, సగం నీళ్లు కలిపి
దొరసాని బుగ్గలకి పెట్టినాను.
ఆరినాక ఏమీ కనపడదు పటిక.
"అయిందా?" అని టీచరమ్మ ఫోను.
"ఇంకా ఉడకలా" అన్నా.

రాగి అండాలో కాగింది గుడ్డ.
స్వర్ణముఖిలో ఇసకే, బోరు కింద జాడిస్తే
పటిక తగిలిన చోటే పట్టుకుంది ఎరుపు,
బుగ్గ మీద సగం, అడిగినట్టే.
ఇంకోటి కూడా తేలింది:
ఖాళీ పంజరం లోపల, నేను పెట్టకుండానే,
చెయ్యి ఆగినప్పుడు కలం నుంచి జారిన చుక్క.

ఉతికినా పోదది.
"ఇదేంది?" అంటాది టీచరమ్మ.
పిట్ట తినకుండా పొయిన గింజ అని చెప్తా.