చేయి తిరగడం

జావా వచ్చనుకున్నాను.
స్ప్లిట్ రేవులో పదకొండేళ్లు ఫెర్రీ టికెట్లు చించిన చేత్తోనే
రాత్రి బడిలో నేర్చుకున్నాను.
క్లాసు రాయగలను, లూపు తిప్పగలను.
సర్టిఫికెట్టు ఫ్రిజ్ తలుపు మీద
నిమ్మకాయ అయస్కాంతం కింద వేలాడుతోంది.

మొదటి వారం దుయామ్ నా కోడ్ చదివాడు.
మాట్లాడలేదు. అతని కాఫీ చల్లారింది.
రెండువేల వంద లైన్ల ఒకే క్లాసు, పేరు ఫెర్రీమేనేజర్:
టికెట్లమ్ముతుంది, గాలి వాలు చూస్తుంది,
ఉత్తరాలు పంపుతుంది, కుక్కలకి సగం చార్జీ వేస్తుంది.
"ఈవిడ ఎప్పుడు నిద్రపోతుంది?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే
పిల్లల రాయితీ వయసు పన్నెండు నించి పద్నాలుగు చేశాను, అంతే,
లాస్తొవో ఓడలో సైకిళ్లన్నీ మాయం.
తీగ లాగితే డొంకంతా కదలడం
సామెతలో బాగుంటుంది.
డొంక పెంచిందీ లాగిందీ నేనే అయితే
అంత బాగుండదు.

చలికాలమంతా తీసేయడం నేర్చుకున్నాను.
ఓడ బరువు ఓడకి తెలిస్తే చాలు.
అది దాని ఇంటిగుట్టు.
కౌంటర్ "చోటుందా?" అని అడగొచ్చు గాని
లోపలికి దూరి కార్లు లెక్కపెట్టకూడదు.
చిత్రం, కౌంటర్లో ఉన్నప్పుడు నేను చేసింది అదే.
గాజు ఇవతల నించి కనుబొమ్మ ఎగరేస్తే
రాంప్ మీద ముసలి వింకో మూడు వేళ్లు చూపేవాడు.
మూడు కార్లు పడతాయి.
ఎలా పడతాయో నేనెప్పుడూ అడగలేదు.

ఫిబ్రవరిలో యూగో గాలి తగ్గిన రోజు
పాత స్నేహితురాలు రోకా కౌంటర్ నించి ఫోన్ చేసింది.
విస్ దీవి ఫిలొమెన
భర్తని సొంత మట్టికి తీసుకెళ్తోంది.
పడవెక్కించే కాగితం నా ప్రోగ్రాం అచ్చువేసింది:
సరుకు. నూట నలభై కిలోలు.
పైన బరువు పెట్టరాదు.
తిరుగు ప్రయాణానికి ఇరవై శాతం తగ్గింపు.

శవపేటికని సరుకు కింద పుట్టించింది నేనే.
సరుకుకి ఉన్నవన్నీ దానికీ సంక్రమించాయి.
ఆస్తితో అప్పులూ వస్తాయని
కోడ్‌లో మాత్రం ఎందుకు మర్చిపోయాను?

"కేకలేసిందా?"
"లేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.
తగ్గింపంటే ఆయనకి ప్రాణం అంది."

దుయామ్ నవ్వలేదు. తిట్టలేదు కూడా.
కుర్చీ లాక్కుని పక్కన కూచున్నాడు.
"అదేమిటని అడక్కు.
ఓడ మీద అదేం చేస్తుందో చెప్పు."

చోటు తీసుకుంటుంది.
తాళ్లతో కట్టించుకుంటుంది.
పక్కన ఎవరో ఒకరు
దారి పొడుగునా కూచుంటారు, వాళ్లకో సీటు కావాలి.

ఆగాను.

తిరిగి రాదు.

ముందు టెస్టు రాశాను.
దాని పేరు నా పాత క్లాసులో సగం మెథడ్ల కన్నా పొడుగు:
తిరిగిరానిదానికి తిరుగుటికెట్టు ఇవ్వకూడదు.
నడిపితే ఎరుపు.
ఆ ఎరుపుని కాసేపు అలాగే ఉంచాను.

వారసత్వం తెంచేశాను.
చోటు తీసుకునేవి, కట్టాల్సినవి, తోడు కావాల్సినవి:
మూడు చిన్న ఒప్పందాలు, ఒక్కొక్కటీ అరచేతిలో పట్టేంత.
పేటిక మూడింటికీ సంతకం పెట్టింది.
చంటిబిడ్డ తోడుకి మాత్రం పెట్టింది.
తేనెటీగల పెట్టెలు, నాకు తెలియనే తెలియదు,
ఏప్రిల్‌లో వాటంతట అవే వచ్చి ఇమిడిపోయాయి,
ఎక్కడా ఒక్క అక్షరం కదలకుండా.

పోయినవి మూడు వందల నలభై లైన్లు.
చేరినవి అరవై ఒకటి.
దుయామ్‌కి పంపించి
రేవు దాకా నడిచి, వేయించిన చేపలు తిని,
చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చాను.

అతను రాసిన వ్యాఖ్య ఒక్కటే:
పదిహేడో లైన్ కింద ఒక ఖాళీ లైను ఎక్కువైంది.

ఇంకా కిందికి జరిపి చూశాను.
ఏమీ లేదు.

ఆ ఖాళీని తీసేయడానికి
చాలాసేపు పట్టింది.