పెన్సిలు గీతలు

ఈ పుస్తకం నాకంటె ముందు నలుగురిది.
మొదటి పేజీల పేర్లు, ఒకదాని కింద ఒకటి,
నాలుగూ కొట్టేసి ఉన్నయి.
మహబూబ్‌నగర్ బస్టాండు వెనక రెండువందలకు కొన్న.
అట్టకు అంటిన పసుపు ఎవరి ఇంటిదో.

నూట డెబ్బైమూడో పేజీ: పాము కాటు.
"కాటుకు పైన గట్టిగా కట్టవలెను."
బొమ్మ కూడ ఉంది. కాలు, తాడు, ముడి.
ఆ ముడిని నేను బట్టీ పట్టిన.

ఆగస్టు. పత్తి మోకాలెత్తు.
అచ్చంపేట దిక్కు నుంచి ఆటోల కురుమూర్తిని తెచ్చిండ్రు.
పిక్క మీద మోటరు తాడు,
తాడు కింద కాలు వంకాయ రంగు.
"మంచిగ బిగించినం మేడం" అన్నడు వాళ్లన్న.
నన్ను మేడం అన్న మొదటి మనిషి.
ముడి దిక్కు చూసిన. నా పుస్తకంలదే, అచ్చం.
శబాష్ అనబోయిన.

ఎస్తేరు సిస్టరు నన్ను పక్కకు జరిపింది.
"కట్టుడు వద్దని చెప్పి ఎన్నేండ్లాయె బిడ్డా!
కాలు కదలకుంట పెట్టాలె, బిరాన తేవాలె. గంతే."
డాక్టరు వచ్చి, విరుగుడు మందు పక్కన పెట్టుకున్నంకనే
ముడి విప్పిండు, మెల్లగ,
దాని లోపల ఇంకో పాము ఉన్నట్టు.

రాత్రి డ్యూటీల అడిగిన:
పుస్తకం అబద్ధమా సిస్టర్?
"అబద్ధం కాదు, పాతది."
ఆ రెండు మాటల నడుమ
ఒక కాలు పట్టేంత జాగ ఉందని
అప్పుడు తెలిసింది.

ఆమె దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్కు,
కిరాణం కొట్టు ఉద్దెర ఖాతా లెక్క.
ఏం మారింది, ఏ సర్క్యులరు, ఏ తేది,
మనకు ఎన్నడు అందింది.
సంతకానికీ అందుడుకూ నడుమ ఒకసారి ఏడు నెలలు.
ఆ ఏడు నెలల కింద ఎర్రగీత,
గీత పక్కన ఏం రాయలే.
"ఎవరు చెప్పిండ్రు? ఎన్నడు చెప్పిండ్రు? కాయితమేది?
ఇవి అడగకుంట నా మాట కూడ నమ్మకు."

కాలేజి నోటీసు బోర్డు మీద
హాస్టలు ఫీజు కింద రక్తదానం,
రక్తదానం కింద తుప్పు పిన్నుకు సగం కాయితం:
"తక్షణమే అమలు చేయవలెను."
తక్షణం ఉంది. తేది చినిగిపోయింది.

ఐతారం ఐతారం నాజియా, నేను
లైబ్రరీల నడిచే ఒక్క కంప్యూటరు ముందట కూసుంటం.
శాఖ వాళ్ల పేజీ తెరుచుకునేసరికి
ఆమె పల్లీలు అయిపోతయి.
ప్రింటుకు రెండు రూపాయలు.
ఒక్కోసారి దొరుకుతది. ఒక్కోసారి
దొరికినదాన్ని రద్దు చేసిన కాయితం దొరుకుతది.

అమ్మ ఫోన్ల మాత్రం అన్నీ గడియల వస్తయి.
పాము కరిస్తె ఉల్లిగడ్డ రాయాల్నట.
"తెల్ల కోటాయన ఫోటో ఉంది గద బిడ్డా?"
పేరుందా అమ్మా?
"పేరెందుకు, మంచిగ నవ్వుతుండు."

పరీక్షల వచ్చింది. పాము కాటు, ఎనిమిది మార్కులు.
పెన్ను పట్టుకొని శానసేపు కూసున్న.
ముడి నాకు కండ్లు మూసినా వస్తది.
కట్టొద్దు అని రాసిన.
కింద సర్క్యులరు నంబరు, తేది.
మూడు వేసిండ్రు.
నంబరు చుట్టు ఎర్రసున్న, పక్కన ప్రశ్న గుర్తు.
ఆ ప్రశ్న గుర్తు మీద నాకు కోపం రాలే.
అడిగిండ్రు గద, అనుకున్న.

కురుమూర్తి పందొమ్మిది దినాలకు ఇంటికి పోయిండు,
రెండు కాలివేళ్లు మా దగ్గర విడిచి.

ఇప్పుడు నూట డెబ్బైమూడు మీద పెన్సిలు గీత.
పక్కన కొత్త మాట, దాని కాయితం, దాని తేది.
దాని కింద చిన్నగ:
ఇది గూడ పాతబడ్తది. అడుగు.

దేవరకొండ పిల్ల కొననీకి వచ్చి తిరగేసింది.
"గీతలు మస్తున్నయి అక్కా. నూట యాభైకి ఇయ్యవా?"
ఇచ్చిన.
మొదటి పేజీల నా పేరు కొట్టేయబోయింది.
ఉండనీ అన్న.
ఎవరు చెప్పిండ్రో తెలువాలె గద.